తలకిందుల చిలకలు

మొన్న మా అమ్మాయి పెడన నుంచి కలంకారీ అచ్చుల దుప్పటి తెచ్చి మంచం మీద పరిచింది. మడత విప్పగానే కరక్కాయ వగరు, గేదెపాల జిడ్డు కలిసిన వాసన ముక్కుకు తగిలింది. రంగు వేసే ముందు బట్టను ఆ రెండింటిలోనే నానబెడతారు. ఎంత ఉతికినా కొంచెం మిగిలే ఉంటుంది. ఆ వాసనతో మార్తమ్మ పిన్ని వచ్చి పక్కన కూర్చున్నట్టయింది. పిన్ని అంటే చుట్టం కాదు. తొంభైల్లో నేను పెళ్ళయి పెడన వచ్చిన కొత్తలో, అచ్చుల షెడ్డులో నా పక్క బల్ల ఆవిడది. నేను బందరు దగ్గర చేపల వేటకెళ్ళేవాళ్ళింటి పిల్లని, నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. కథ చెప్పడం నాకు నేర్పింది ఆవిడే.

మధ్యాహ్నం క్యారేజీలు విప్పగానే పిన్ని చెక్క అచ్చుల బుట్ట మధ్యలో పెట్టేది. కళ్ళు మూసుకుని ఒకటి తియ్యాలి. చేప వస్తే చేప కథ, తీగ వస్తే తీగ కథ. కథలో 'చాలా' అన్న మాట దొర్లితే క్యారేజీలోంచి ఓ ముక్క పిన్నికి ఇచ్చెయ్యాలి. మొదటి వారమంతా నా నెత్తళ్ళ వేపుడు ఆవిడ గిన్నెలోకే పోయింది.

"చాలా అందమైన రాజకుమారి..." అనేసరికే చెయ్యి చాపేది. "తే ఇటు. అందమంటే ఏంటే? ముక్కు చెప్పు, జడ చెప్పు. మా పాస్టరు గారు 'చాలా చాలా' అన్నప్పుడల్లా నాకు కునుకు పడుద్ది."

"పోనీ, ఏడ్చింది అనొచ్చా పిన్నీ?"

"అనకు. కొంగు తడిసిందని చెప్పి ఊరుకో. ఎందుకు తడిసిందో నన్ను అడగనియ్యి. పటిక అచ్చు చూడట్లా రోజూ?"

పటిక నీళ్ళతో అచ్చు వేస్తే బట్ట మీద లేత మరక తప్ప ఏమీ కనిపించదు. ఎర్రరంగు దిగే వేర్లు వేసిన రాగి కాగులో ఉడికించాకే ఎరుపు పైకి తేలుతుంది. "నువ్వు పటిక వెయ్యి చాలు. ఎరుపు వినేవాళ్ళలో ఎక్కాల," అనేది పిన్ని.

ఆ పటికే నా కొంప ముంచింది. ఒకరోజు, మర్నాడు ఏ అచ్చు వస్తే ఏ కథ చెప్పాలా అనుకుంటూ చిలక అచ్చు వేస్తున్నాను. పైవైపు తెలియడానికి అచ్చు వీపు మీద గాటు ఉంటుంది. అది చూసుకోలేదు. మరక లేతగా ఉండటంతో ఎవరి కంటా పడలేదు. కాగులోంచి తీసి ఆరేస్తే, దుప్పటి నిండా ఎర్రటి చిలకలు తలకిందులుగా!

ఓనరు గారు వచ్చి నడుం మీద చేతులు వేసుకున్నారు. "ఏంటమ్మా ఇది? చిలకలన్నీ శీర్షాసనం వేశాయి! ఇదంతా మీ కథల పిచ్చి. ఇవాళ్టితో కథలు బంద్. నువ్వు రేపట్నించి రానక్కర్లేదు."

ఆ షెడ్డు లేకపోతే నాకు అత్తారింటి వంటగది తప్ప వేరే లోకం లేదు.

"బాబుగారూ, ఆ పిల్లని ఒక్క మాట చెప్పనివ్వండి," అంది పిన్ని. నా వైపు తిరిగి, "బుట్టలోంచి చిలక వచ్చిందనుకో. చెప్పవే," అంది.

దుప్పటి వైపు చూస్తూ మొదలుపెట్టాను. "మొవ్వలో మా మేనత్త వాళ్ళ చూరుకి వరికంకుల కుచ్చు కడతారండీ. పొద్దున్నే చిలక వస్తది. నిలబడితే దానికి గింజందదు. కుచ్చుని కాళ్ళతో పట్టుకుని తలకిందులుగా వేలాడతది. మా మేనత్త తలుపు సగమే తీసి ఊపిరి బిగబట్టి..." భయమేసి అక్కడ ఆగిపోయాను.

ఓనరు గారు మెడ వంచి దుప్పటి వైపు చూశారు. "మరి కంకులేవి?"

"అడిగారుగా!" పిన్ని అప్పటికే బుట్టలోంచి కంకి అచ్చు తీసేసింది. "ఒక్కో చిలక కాళ్ళ దగ్గర ఒక్కోటి వేసి మళ్ళీ ఉడకేస్తాం. వెయ్యమంటారా?"

ఆయన నవ్వు ఆపుకోవాలని చూశారు గానీ మీసం ఆగలేదు. "వెయ్యండి. ఈసారి గాటు చూసుకో తల్లీ."

తర్వాత ఆయనే అప్పుడప్పుడు బుట్ట దగ్గర కూర్చునేవారు. 'చాలా' అని నోరుజారి, తెచ్చుకున్న కోడిముక్కలన్నీ పిన్నికి సమర్పించుకునేవారు.

పిన్ని పోయి పదేళ్ళు దాటింది. ఆ రోజు నేను భయంతో ఆగాను. ఇప్పుడు కథ మధ్యలో కావాలనే ఆగుతున్నాను. మా మనవరాలికి బడిలో బొమ్మ ఇచ్చి కథ రాసుకు రమ్మంటారు. అది నోట్సు పట్టుకుని నా ఒళ్ళో చేరుతుంది. "ఈ పిల్ల ఒక్క చెప్పుతో ఇంటికొచ్చింది," అని ఊరుకుంటాను. అది బొమ్మ వైపు చూసి, "అమ్మమ్మా, మరి ఈ పిల్ల రెండో చెప్పు ఏదీ?" అంటుంది.

"నాకేం తెలుసే? నువ్వే వెతుకు," అని నోట్సు దానివైపు జరుపుతాను.