కొత్త టైరుకు పాత చప్పుడు

ముప్పై ఏళ్ళు నెత్తిన గాజుల గంపతో ఇబ్రహీంపట్నం వాడలన్నీ తిరిగిన ఖాదర్ బీ, నలభై ఎనిమిదో ఏట మోకాళ్ళు దోక్కుపోయినా సరే సైకిలు నేర్చింది. నవ్వినవాళ్ళు నవ్వారు. నవ్విన నాపచేనే పండింది! ఇప్పుడు గాజుల పెట్టె వెనక క్యారియర్ మీద, ఖాదర్ బీ దర్జాగా సీటు మీద.

వెనక టైరే ముసలిది. అది కోసుకుపోయిన చోట మెకానిక్ ఇస్తారి లోపల పాత టైరు ముక్క పెట్టి రెండేళ్ళు నెట్టుకొచ్చాడు. చక్రం తిరిగినప్పుడల్లా అక్కడ టప్పుమనేది, పెట్టెలో గాజులు గల్లుమనేవి.

బతుకమ్మ వారం వచ్చింది. ఏడాదికి సరిపడా గాజులు అమ్ముడయ్యేది ఈ వారమే.

"అక్కా, గీ టైరుకు ఇంక అతుకు నిల్వది. తోవల పటాకి లెక్క పేల్తది," అన్నాడు ఇస్తారి.

"గట్లయితే కొత్తదే ఎయ్యి తమ్మీ."

కొత్త టైరు పడింది. అబ్బ, ఏం జారుడు! ఖాదర్ బీ పని లేకపోయినా బస్టాండు చుట్టూ రెండుసార్లు తిరిగింది. వాలులో పెడళ్ళ మీంచి కాళ్ళు కూడా ఎత్తేసింది, యాభై మూడేళ్ళ మనిషి!

మూడు వాడలు అయిపోయాయి. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. గాజులన్నీ పెట్టెలోనే ఉన్నాయి. చివరింటి మణెమ్మ చెత్త పారబోయడానికి బయటికొచ్చి ఉలిక్కిపడింది.

"ఎప్పుడొచ్చినవ్ ఖాదర్ బీ? టప్పు గల్లు ఇనబడకపాయె! నువ్వు రాలేదని గిప్పుడే బజార్ల ఏసుకొచ్చిన." రెండు చేతులా కొత్త గాజులే.

ఖాదర్ బీ సైకిలు వెనక్కి తిప్పింది.

"ఇస్తారీ, పాత టైరే ఎయ్యి!"

"గది పేల్తదక్కా! బెల్లు గొట్టరాదు?"

"బెల్లు పాలాయనది, హారను ఐస్‌క్రీమాయనది. నాది టప్పు గల్లు. కొత్తదాన్లనే ముక్క వెట్టు."

ఇరవై ఏళ్ళుగా రోగమున్న టైర్లకే మందు వేసిన ఇస్తారి, మంచి టైరుకు రోగం అంటించడం ఇదే మొదటిసారి. కడుపుబ్బ నవ్వుకుంటూనే ముక్క దూర్చాడు.

ఖాదర్ బీ మళ్ళీ మొదటి వాడ మలుపు తిరిగింది. టప్పు. గల్లు. టప్పు. గల్లు.

"ఖాదర్ బీ వచ్చిందే!" అని ఎవరో కేకేశారు. తలుపులు తెరుచుకున్నాయి. సంతోషం పట్టలేక నవ్వుతుంటే ఆమె హ్యాండిల్ వంకరలు పోయింది. ఇస్తారి వేసిన అతుకు మాత్రం కదల్లేదు.