గోడకెక్కబోయిన బొంత

ఎనభైల్లో తిరుపతిలో మా పక్కింటోళ్లు టీవీ కొన్నారు. మిద్దెమీద ఏంటెన్నా నిలబెడితే మద్రాసు నుంచి అరవం ప్రోగ్రాములు వచ్చేవి. ఒకరోజు అందులో ఒకామె ఇల్లు అందంగా మార్చుకునేది చూపిస్తా, పాత చీరలతో కుట్టిన బొంతను తీసి గోడకు తగిలించింది. పాతకాలపు కళంట! మేమింకా దాని మీదే పండుకుంటా ఉంటే అది పాతకాలం ఎప్పుడయిందని నాకు ఒళ్లు మండింది. కొత్తగా కాపురానికొచ్చిన నా భార్యకు మాత్రం తెగ నచ్చింది. ఇంటికి రాగానే ఆమె, మా అమ్మ పండుకునే బొంతను, సుత్తిని, రెండు మేకుల్ని పట్టుకుని గోడ దగ్గర నిలబడింది.

అమ్మ పరుగున వచ్చి బొంత లాక్కునింది.

“దీని లోపల మీ మామ పంచెలుండాయి. ఆయన ఫొటోకని గోడకు మేకు కొట్టింది చాల్లేదా అమ్మే?”

మా నాయన పోయినాక ఆయన పంచెల్ని ఎవరికీ ఇయ్యకుండా, పొరల్లో పెట్టి కుట్టుకునింది అమ్మ. ఆ సంగతి నా భార్యకు తెలీదు.

“తెలీలేదత్తా. గోడ బోసిగా ఉండాదని...” అని నాలుక కరుచుకునింది.

అమ్మ బొంతను ఒళ్లో పెట్టుకుని కాసేపు నిమురుతా కూర్చునింది. తర్వాత నవ్వింది.

“గోడకు చలేస్తా ఉంటే నీ పాత చీరలియ్యి. దానికీ ఒకటి కుట్టిస్తాలే.”