జింక అడ్రస్

ఇవాళ పొద్దున మా పెరట్లో దేవదారు చెట్టు బెరడు ఊడి, పచ్చి జిగురు వాసన వేసింది. జింక కొమ్ములు రుద్దిన గుర్తది.

ఎనభైల్లో, మిషిగన్‌లో, ఏటా వేట సీజన్‌కి ముందు నాన్న నన్నో కొత్త అడవికి తీసుకెళ్లేవారు. గిట్టల గుర్తులు, పెంటికలు వెతికేవాళ్లం. ఒక్క జింకనైనా చూడాలని నా ఆశ.

"గన్ ఏది నాన్నా?"

"ముందు దాని అడ్రస్ తెలియాలి కదే, మొద్దూ!"

జింక ఎప్పుడూ కనబడలేదు. సీజన్ మొదలయ్యాక నాన్న ఇల్లు కదిలేవారు కాదు. వేటంటే వెతకడమే కాబోలనుకుని, పప్పన్నం తప్ప ఎరగని మనిషిని పెద్ద వేటగాడని స్కూలంతా చాటాను. ఆ స్కూలు మధ్యలోనే మానేశాను గానీ, పెంటికలు చూసి ఎప్పటివో ఇప్పటికీ చెప్పగలను.

బెరడు తడిమాను. ఇంకా తడిగానే ఉంది. నాన్న లేరని గుర్తొచ్చేలోపే నోటివెంట వచ్చేసింది: "నాన్నా, దానికే మన అడ్రస్ దొరికింది!"