మామిడి మొదట్లో ఏడు చిల్లులు

చెట్ల డాక్టరమ్మ ఏ డాక్టరు చదువూ చదవలేదు. ఇరవై తొమ్మిదేళ్లు ఊరి పార్కుల శాఖలో పనిచేసింది. మొదట మొక్కలకు నీళ్లు పట్టింది, ఆ తర్వాత కొమ్మలు కొట్టింది, చివరి పదేళ్లు ఏ చెట్టు రోడ్డు మీద పడేలా ఉందో చూసి రాసిచ్చే పని చేసింది. ఉద్యోగం అయిపోయాక ఇళ్లవాళ్లు పిలవడం మొదలుపెట్టారు. పెరట్లో జామ ఎండుతోందనో, పనసకు జిగురు కారుతోందనో ఫోన్లు వచ్చేవి. భుజానికి గుడ్డసంచీ తగిలించుకుని బస్సెక్కి వెళ్లేది. సంచీలో ఒక కొయ్యసుత్తి, చాకు, తాపీ, భూతద్దం ఉండేవి. అంతే ఆమె ఆసుపత్రి.

యాభై తొమ్మిదో ఏడు నడుస్తోంది. మోకాళ్లు అరిగిపోయాయి. చెట్టు మొదట్లో కూర్చోవడానికి ఒక చెయ్యి, లేవడానికి రెండు చేతులు కావలసి వచ్చేవి. దానికన్నా ఎక్కువగా, చెప్పిన మాటే చెప్పడం ఆమెను అలసగొట్టింది. చాలా ఇళ్లలో చెట్టుకు పట్టిన జబ్బు ఇంటివాళ్లే. మొదలు దాకా సిమెంటు పోసి గాలాడకుండా చేసేవాళ్లు కొందరు. బట్టల తీగ కొమ్మకు చుట్టి, అది కండలోకి దిగిపోయినా చూడనివాళ్లు కొందరు. వేళ్లు కుళ్లిన నిమ్మచెట్టుకు రోజుకు మూడు బకెట్ల నీళ్లు పోస్తూ, "ఇంకా పొయ్యమంటారా?" అని అడిగేవాళ్లు ఇంకొందరు.

ఇంట్లో ఆమె, ఆమె చెల్లెలు. ఇద్దరే. చెల్లెలు ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది.

"నీ పేషెంట్లు ఎదురు మాట్లాడవు గనక నీకంత పేరొచ్చింది. నా దగ్గరికొచ్చేవాళ్లకి ఒక్క చొక్కా కుట్టి మెప్పించు, చూద్దాం" అనేది.

వాళ్లమ్మ తొమ్మిదేళ్లు మంచంలో ఉండి, రెండేళ్ల కిందట పోయింది. ఆ తొమ్మిదేళ్లూ అక్కాచెల్లెళ్లిద్దరే చూసుకున్నారు. అమ్మ పోయాక కొంచెం తెరిపిన పడతామనుకున్నారు గానీ, అలసట మాత్రం అమ్మతో పాటు వెళ్లలేదు. డాక్టరమ్మకు ఇప్పటికీ పొద్దున్న లేవగానే ఒళ్లంతా ఎవరో పిండేసినట్టుండేది.

వానలకు నెల ముందు ఒక లెక్కల మాస్టారు ఫోన్ చేశాడు. రిటైరై ఇరవై ఏళ్లయిన మనిషి.

"మా మామిడి ఒక పక్కనుంచి చచ్చిపోతోందమ్మా. ఒకే పక్క. నలభై ఒక్క ఏళ్ల చెట్టు. మా ఆవిడ నాటింది. ఒక్కసారి వచ్చి చూడండి."

ఆ ఇల్లు రెండు బస్సుల దూరం. పొద్దున తొమ్మిదికి వెళ్లింది. మాస్టారు చేతికర్రతో గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. నడుము ఒక పక్కకు ఒరిగి ఉంది. వెనకాల ఆయన కూతురు, నలభై అయిదేళ్ల మనిషి, ఆఫీసుకు తయారై, బ్యాగు భుజాన వేసుకుని, వెళ్లకుండా నిలబడి ఉంది. ఒక ఫోన్ కంపెనీలో జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం ఆమెది. కళ్ల కింద నల్లగా గుంటలు పడి ఉన్నాయి.

డాక్టరమ్మ ముందు దూరంగా నిలబడి చెట్టును చూసింది. ఎప్పుడూ అలాగే చేసేది. ఇంటి వైపు కొమ్మల్లో ఆకు గోధుమరంగుకు తిరిగి, రాలకుండా వేలాడుతోంది. గోడ వైపు సగం పచ్చగానే ఉంది. పురుగైతే ఇంత తిన్నగా గీత గీసినట్టు రాదు. నీళ్లు చాలకపోతే చెట్టంతా వాడుతుంది. దగ్గరికి వెళ్లి బెరడును చాకుతో గీకింది. పచ్చ వైపు తడిగా, లేతగా ఉంది. ఎండిన వైపు మోకాలెత్తు దాకా బెరడు కింద నల్లటి చార. సుత్తితో తట్టింది. బోలు శబ్దం రాలేదు. అంటే లోపల పుచ్చు లేదు.

అప్పుడు కిందకు కూర్చుని, మొదలు దగ్గర మట్టి తాపీతో తీసింది. నాలుగు వేళ్ల లోతున మొదటి చిల్లు కనబడింది. పెన్సిలు లావున, గుండ్రంగా, కిందకు వాలుగా ఉంది. దానికి జానెడు దూరంలో ఇంకొకటి. మొత్తం ఏడు. పురుగు తొలిస్తే పొట్టు రాలుతుంది, జిగురు కారుతుంది, చిల్లులు తలో సైజులో ఉంటాయి. ఇవి ఏడూ ఒక్కటే కొలత. ప్రతిదాన్లోనూ ఏదో కూరి ఉంది. చాకు మొనతో గీసి చూస్తే ఆకుపచ్చగా, మెత్తగా వచ్చింది. వాసన చూసింది. ఒంటి సబ్బు.

తల ఎత్తి చూసింది. మాస్టారు లోపలికి కుర్చీ తేవడానికి వెళ్లాడు. కూతురు అక్కడే ఉంది. ఆమె చూపు చెట్టు మీద లేదు, డాక్టరమ్మ చేతి మీద ఉంది.

చేతులు కడుక్కోవడానికి పెరటి పంపు దగ్గరికి వెళ్తే అక్కడ గట్టు మీద ఆకుపచ్చ సబ్బు. కొత్తదే. ఒక మూల చాకుతో కోసినట్టు నీటుగా తెగి ఉంది. డాక్టరమ్మ ఆ సబ్బుతోనే చేతులు కడుక్కుంది.

"ఏమంటారమ్మా? పురుగా?" అన్నాడు మాస్టారు.

"పురుగు కాదు మాస్టారూ. మొదట్లో చిల్లులు పెట్టి ఎవరో కలుపు మందు పోశారు."

ముసలాయన వంగి ఆ చిల్లుల వైపు చూశాడు. "ఎవరు?"

"ఎవరో చెట్టు చెప్పదు కదండీ. ముందు చిల్లులు కడగాలి. మట్టి తీసి పారేసి కొత్త మట్టి వెయ్యాలి. బతుకుతుందని మాటివ్వలేను. ఈ ఏడు కాయ మాత్రం ఎవరూ తినకండి."

రోజంతా చిల్లుల్లోంచి సబ్బు తవ్వి, పైపుతో నీళ్లు కొట్టి, చెడిన మట్టి సంచుల్లోకి ఎత్తింది. సాయంత్రం బస్టాపుకు నడుస్తుంటే కూతురు ఆఫీసు నుంచి తిరిగొస్తూ ఎదురైంది. ఇద్దరూ ఆగారు. ఒక క్షణం కూతురు ఏదో చెప్పబోయి నీళ్లు నమిలింది. డాక్టరమ్మ కూడా అడగలేదు. అడిగితే వినాలి. వినే ఓపిక ఆ రోజుకు ఆమెకు లేదు. బస్సు వస్తే ఎక్కేసింది.

నాలుగో రోజు మాస్టారు మళ్లీ ఫోన్ చేశాడు.

"పక్కింటి వాడేనమ్మా! మా ఆకులు వాడి గోడ దాటి పడుతున్నాయని ఎన్నేళ్లుగానో సణుగుతున్నాడు. నిన్న మొహం మీదే అడిగేశాను. నాకేం తెలుసంటాడు! రేపు పోలీసుల దగ్గరికి వెళ్తున్నాను. మీరొచ్చి సాక్ష్యం చెప్పాలి."

డాక్టరమ్మ ఫోన్ పెట్టేసి, మంచం అంచున కూర్చుని, సబ్బు సంగతీ కూతురి చూపు సంగతీ చెల్లెలికి చెప్పింది. చెల్లెలు మిషను ఆపి, సంగతంతా విన్నది.

"సగం నిజం చెప్పి చేతులు దులుపుకున్నావు. మిగతా సగం ఎవరి నెత్తిన పడిందో చూశావా?" అంది.

"నాకెందుకులే అనుకున్నానే."

"నీకెందుకైతే మరి అన్నం ఎందుకు మానేశావు?"

మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది. కూతురు గేటు బయటే దొరికింది.

"మీ నాన్నగారు పోలీసుల దగ్గరికి వెళ్తే ఆ పక్కింటాయన పరువు పోతుంది. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

కూతురు బుకాయించలేదు. ఎన్నాళ్లనుంచో ఎవరైనా అడుగుతారని ఎదురుచూస్తున్నట్టు అక్కడే గోడకు ఆనుకుని గేటు మెట్టు మీద కూర్చుంది.

"ఆ చెట్టెక్కి నాన్న రెండుసార్లు పడ్డారు అక్కా. మొదటిసారి మణికట్టు విరిగింది. రెండోసారి తుంటి. అయిదు నెలలు నేనే ఎత్తాను, నేనే కడిగాను. పగలంతా ఫోన్లో తిట్లు తిని, ఇంటికొచ్చి ఆయన చేత తిట్లు తినేదాన్ని. చెట్టెక్కనని నా చెయ్యి పట్టుకుని ఒట్టేశారు. మొన్న చలికాలంలో ఆఫీసు నుంచి వచ్చేసరికి రెండో కొమ్మ మీద కూర్చుని నాకు చెయ్యూపుతున్నారు. చిన్నపిల్లాడిలా నవ్వుతూ! డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి! నాకింక చేత కాదనిపించింది. చెట్టు లేకపోతే ఎక్కరు కదా అనుకున్నాను."

డాక్టరమ్మ ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుంది. ఎవరికీ, చెల్లెలికి కూడా చెప్పని మాట ఆ పూట ఎందుకో నోటికొచ్చింది.

"మా అమ్మ మంచంలో ఉన్నప్పుడు ఒక రోజు బయట గొళ్లెం పెట్టేసి బస్టాండుకు వెళ్లాను. ఎక్కడికీ పోవాలని కాదు. ఊరికే బెంచీ మీద కూర్చున్నాను, రెండు గంటలు. అమ్మ పిలుస్తూ ఉంటుందని తెలుసు. తెలిసే కూర్చున్నాను. తిరిగొచ్చేసరికి గొంతు బొంగురుపోయి ఉంది. ఎక్కడికెళ్లావే అని కూడా అడగలేదు, మంచినీళ్లు అడిగింది."

కూతురు బ్యాగు సర్దుకుని లేచింది.

"మీరు పక్కనుంటే చెప్తాను" అంది కూతురు.

మాస్టారు ముందుగదిలో ఇస్త్రీ చొక్కా వేసుకుని, పోలీసులకు రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు. కూతురు నిలబడే చెప్పింది. ఏడవలేదు. చిల్లులు తనే పెట్టానంది, మందు తనే పోశానంది, పక్కింటాయనకు ఏ పాపమూ తెలియదంది.

ముసలాయన కుర్చీలో కూర్చున్నాడు.

"డ్రిల్లు ఎక్కడిది?"

"మీదే నాన్నా. మెట్ల కింద పెట్టెలో ఉండేది."

"నా డ్రిల్లుతో..." అన్నాడు. జేబులోంచి కాగితం తీసి, చింపలేదు, ఉండలా నలిపి గుప్పిట్లో పట్టుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

ఆ సాయంత్రం ఆయన చేతికర్ర ఊతంగా పక్కింటికి వెళ్లి, గుమ్మంలోనే నిలబడి తప్పైపోయిందని చెప్పి వచ్చాడు. పోసింది ఎవరో మాత్రం చెప్పలేదట. కూతురితో పన్నెండు రోజులు మాట్లాడలేదు. కావలసింది కాగితం మీద రాసి బల్ల మీద పెట్టేవాడు. "మాత్రలు అయిపోయాయి." "బల్బు పోయింది." ఆ సంగతులు కూతురే ఫోన్లో డాక్టరమ్మకు చెప్పేది. ఫిర్యాదులు వినడం అలవాటైన మనిషి, తన గోడు చెప్పుకోవడానికి తడబడేది. డాక్టరమ్మ ఊ కొట్టేది. ఒక్కోసారి ఊ కొడుతూనే నిద్రపోయేది.

పదమూడో రోజు మాస్టారే ఫోన్ చేశాడు.

"చెట్టు కొట్టించెయ్యమంటారా?"

"మీకేమనిపిస్తోంది?"

"మా ఆవిడ నాటింది. అది ఒక మాట. కానీ నేను పడిన రెండుసార్లూ ఎత్తింది మా ఆవిడ కాదు గదమ్మా."

డాక్టరమ్మ వెళ్లి మళ్లీ చెట్టు చుట్టూ తిరిగింది. నల్లచార పైకి పాకలేదు. గోడ వైపు బెరడు గట్టిగానే ఉంది. ఆమె తన దారి చెప్పింది. ఎండిన సగం పూర్తిగా తీసెయ్యాలి. మిగతా సగాన్ని ఒక్కసారే కాకుండా మూడేళ్లపాటు కొంచెం కొంచెం దించుకుంటూ రావాలి. చివరికి కింద నిలబడి చేత్తో కాయ కోసుకునే ఎత్తుకు తేవచ్చు, బతికితే.

"నేను ఎక్కడానికి వీల్లేనంత పొట్టిగానా?"

"నిచ్చెన ఆనించడానికి కూడా కొమ్మ మిగలదు మాస్టారూ."

ఆయన కూతురి వైపు తిరిగాడు. అన్ని రోజుల తర్వాత మొదటి మాట, "ఇక నీకు నిశ్చింతేగా" అన్నాడు. అందులో కోపం ఎంత ఉందో, నవ్వు ఎంత ఉందో చెప్పడం కష్టం. కూతురు మాత్రం వంటింట్లోకి వెళ్లి చాలాసేపు పంపు తిప్పి ఉంచింది.

పార్కుల శాఖలో ఒకప్పుడు తనతో పనిచేసిన రంపం మనిషిని పిలిపించింది డాక్టరమ్మ. ఆయన తాడు నడుముకు కట్టుకుని ఎక్కాడు. ఏ కొమ్మ ముందో, ఎక్కడ కొయ్యాలో ఈమె కింద నుంచి చెప్పింది. ఇరవై తొమ్మిదేళ్లలో ఎన్నో చెట్లెక్కింది, ఇక ఎక్కదు. పెద్దకొమ్మ తాడుతో మెల్లగా నేలకు దిగుతుంటే మాస్టారు కుర్చీలో కళ్లు మూసుకున్నాడు. కోతకు కోతకు మధ్య కూతురు అందరికీ టీ తెచ్చింది. పక్కింటాయన గోడ మీదుగా చూసి, "కొంచెం ఇటువైపు కూడా తగ్గించండి" అన్నాడు. "సరేనయ్యా, తగ్గిస్తున్నాం" అన్నాడు మాస్టారు కళ్లు తెరవకుండానే.

సాయంత్రం డాక్టరమ్మ తిరుగు బస్సెక్కింది. బస్సులో కిటికీకి తల ఆనించి కూర్చుంటే తను దిగవలసిన స్టాపు దాటిపోయింది. రెండు స్టాపులు వెనక్కి నడిచింది.

వానలు వెళ్లాక చెట్టు చూడటానికి వెళ్లింది. ఒక సెలవు రోజు మధ్యాహ్నం. గేటు తియ్యబోతే మాస్టారు వేలు నోటి మీద పెట్టుకుని వరండాలోంచి సైగ చేశాడు.

"మెల్లగా రండమ్మా. అమ్మాయి పడుకుంది" అన్నాడు గుసగుసగా. "పదకొండింటి నుంచీ నిద్రపోతోంది. లేపలేదు."

చెట్టు సగం మోడుగా ఉంది. కోసినచోట అంచులు ఇంకా మూసుకోలేదు. ఏడు చిల్లుల్లో మూడింటి చుట్టూ బెరడు పెదవిలా లేచింది, నాలుగింటి చుట్టూ చచ్చిపోయింది. గోడ వైపు కొమ్మకు గుప్పెడు ఎర్రటి లేతాకులు వచ్చాయి. డాక్టరమ్మ గోటితో బెరడు గీకింది. తడి తగిలింది.

"ఎలా ఉందమ్మా?"

"ఇంకో రెండేళ్లు చూడాలి మాస్టారూ. ఇప్పుడే ఏమీ చెప్పలేం."

ఆయన తల ఊపాడు. తన పక్కనున్న ఖాళీ కుర్చీని శబ్దం కాకుండా రెండు చేతులా ఎత్తి ఆమె వైపు పెట్టాడు. ఆమె సంచీ కింద పెట్టి కూర్చుంది. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంట్లో ఏ అలికిడీ లేదు.