పాట కింద మాట

ఈ సంగతి కాగితం మీద పెట్టకపోతే ఇక కుదరదనిపించింది. మైదుకూరులో దీన్ని ఇప్పటికే రెండు రకాలుగా చెప్పుకుంటున్నారు. రంగయ్య శెట్టి చనిపోయిన భార్య నా షాపు టీవీలోంచి బయటికి వచ్చి మాట్లాడిందని కొందరు. నేనే ఆడగొంతు పెట్టి ముసలాయన్ను మోసం చేశానని ఇంకొందరు. మొదటిది విని నవ్వుకోగలను. రెండోది విని ఊరుకోలేను. జరిగింది ఆ రెండూ కాదు. జరిగినంత వరకే, నాకు తెలిసినంత వరకే రాస్తున్నాను.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. చదువు పదో తరగతి దాటలేదు గాని, మా ఊరి శాఖా గ్రంథాలయంలో సైన్సు బీరువాలో ఉన్న పుస్తకాలన్నీ చదివాను. కొన్ని రెండోసారి కూడా చదివాను. కాంతి, శబ్దం, అయస్కాంతం, వీటి గురించి తెలుగులో దొరికినదేదీ వదల్లేదు. కొరివిదయ్యం అని జనం భయపడేది ఏ వాయువు మండితే కనబడుతుందో చెప్పగలను. పూనకం గురించి మనస్తత్వ శాస్త్రం ఏమంటుందో చెప్పగలను. అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ చెప్పేవాణ్ని కూడా.

రెండు వేల అయిదు, ఆరు ప్రాంతంలో నాకు ఒకటే పని. పెళ్లి క్యాసెట్లను సీడీలుగా మార్చడం. ఇళ్లలో వీసీఆర్లు మూలన పడి సీడీ ప్లేయర్లు వచ్చిన రోజులవి. బీరువాల్లో పట్టుచీరల కింద దాచిన క్యాసెట్లకు బూజు పడుతోందని జనం సంచుల్లో వేసుకుని తెచ్చేవాళ్లు.

ఈ పనిలో తొందర కుదరదు. మూడు గంటల క్యాసెట్ కంప్యూటర్లోకి ఎక్కాలంటే మూడు గంటలూ ఆడాల్సిందే. మధ్యలో టేపు చిక్కుకోవచ్చు, హెడ్డుకు మురికి పట్టి బొమ్మ చెడిపోవచ్చు. కాబట్టి పక్కనే కూర్చుని చూస్తూ ఉండాలి. అలా నేను ఊళ్లో చాలామంది పెళ్లిళ్లు మొదటి నుంచి చివరి దాకా చూశాను. ఎవరి మేనత్త ఎక్కడ అలిగి కూర్చుందో, ఏ పిల్లాడు పెళ్లిపీటల మీద నిద్రపోయాడో నాకు తెలుసు. రోడ్డు మీద ఎదురైతే వాళ్లు నన్ను గుర్తుపట్టరు.

షాపు వెనక గదిలోనే నా కాపురం. కాపురం అంటే నేనొక్కణ్నే. మా అమ్మ పోయాక ఆ గదిలో ఇంకో మనిషి గొంతు లేదు. తెర మీద పెళ్లివాళ్లు బంతిలో భోజనాలకు కూర్చునే వేళకు నేనూ క్యారియర్ విప్పుకునేవాణ్ని. అదొక అలవాటైపోయింది.

ఆ కాలపు పెళ్లి వీడియోల గురించి ఒకటి చెప్పాలి. మా వైపు కెమెరాతో తీసిన టేపును తీసినట్టుగా ఎవరూ ఇచ్చేవాళ్లు కాదు. మిక్సింగ్ చేయించాలి. అంటే గులాబీ పువ్వులో పెళ్లికూతురి ముఖం, తెర నిండా పూలవాన, అసలు శబ్దం మొత్తం తీసేసి మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు. ఎన్ని పాటలుంటే అంత గొప్ప వీడియో. మనుషుల రొద ఎవరికి కావాలి అనుకున్నారు. తాళి కట్టేటప్పుడు మాత్రం కాసేపు మేళం వినిపించి, మళ్లీ పాట మొదలయ్యేది. అట్లా మా ప్రాంతంలో ఒక తరం పెద్దవాళ్లు ఆ టేపుల్లో నోళ్లు కదుపుతూ మిగిలిపోయారు. గొంతులు మిగల్లేదు.

రంగయ్య శెట్టికి ప్రొద్దుటూరు రోడ్డులో కిరాణా అంగడి ఉండేది. భార్య నాగరత్నమ్మ జబ్బు చేసి పోయి అప్పటికి రెండేళ్లు. ఒక్కతే కూతురు లక్ష్మిని బనగానపల్లెకు ఇచ్చారు. ఆయన అంగడి పైన మిద్దెలో తమ్ముడి కుటుంబంతో ఉండేవాడు. ఇంటి నిండా మనుషులే. అయినా అంగడి మూసేశాక పైకి పోకుండా మెట్ల మీద చాలాసేపు కూర్చునేవాడని ఆ రోడ్డులో అందరికీ తెలుసు.

ఒకరోజు లక్ష్మి పెళ్లి క్యాసెట్‌ను తువ్వాలలో చుట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. సీడీ చేయించడం ఒక సాకేనని, అసలు పని వేరే ఉందని అన్నాడు.

"మొగం ఫోటోలో ఉండాదప్పా. గొంతే పోతాండాది. మొన్నటిదాంకా చెవిలో ఉండె. ఇప్పుడు ఎంత తలుచుకున్నా రాదు. ఈ క్యాసెట్లో ఆమె శానాసేపు మాట్లాడతాది. పైన ఉండే పాట తీసేసి ఇయ్యి."

పాట ఆమె మాటల మీద దుప్పటిలా కప్పి ఉందని, లాగేస్తే కింద మాట ఉంటుందని ఆయన నమ్మకం. నేను ఓపికగా వివరించాను. ఈ రకం టేపులో శబ్దం రాసే చోటు అంచున ఒక సన్నని దారి మాత్రమే. అందులో పాట ఉంటే మాట ఉండదు. పైగా ఇది మిక్సింగ్ షాపులో తీసిన కాపీ. కెమెరా విన్న శబ్దం ఈ టేపు దాకా రానే లేదు.

అంతా విని, "లైబ్రరీ అంతా మింగినావంటనే. ఒక పాట తీసేదానికి రాదా నీకు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కాని క్యాసెట్ నా చేతిలో పెట్టాక కూడా కాసేపు దాన్ని వదల్లేదు.

ఆయన వెళ్లిపోయాక ప్రొద్దుటూరులో ఆ వీడియో తీసిన ఓబులేసుకు ఫోన్ చేశాను. కెమెరాలో పెట్టిన అసలు టేపు దొరికితే ఆమె గొంతు దొరికినట్టే. ఓబులేసు పెద్దగా నవ్వాడు. అసలు టేపులు ఎవరూ దాచరని, మిక్సింగ్ కాగానే దాని మీదే ఇంకో పెళ్లి, ఆ తర్వాత మరో పెళ్లి తీస్తారని చెప్పాడు. అది నాకూ తెలిసిన పద్ధతే. అయినా అడిగాను.

మరుసటి రోజు మధ్యాహ్నం క్యాసెట్ ఎక్కించాను. షాపు తలుపులు తెరిచే ఉన్నాయి. బయట ఎండ, లారీల చప్పుడు. నాకు నిద్రమత్తు లేదు, జ్వరం లేదు. పెళ్లి అయిపోయి, భోజనాల దగ్గరికి వచ్చింది వీడియో. ఆకుపచ్చ పట్టుచీరలో ఉన్నామె నాగరత్నమ్మ అని శెట్టి ముందే గుర్తు చెప్పాడు. ఆమె ఒక స్తంభం పక్కన నిలబడి, తెరలో కనిపించని ఎవరితోనో మాట్లాడుతోంది. పాట నడుస్తోంది.

పాట తగ్గిపోయింది. ఎవరో తలుపు దగ్గరగా వేసినట్టు తగ్గింది. వైరు వదులైందనుకుని చెయ్యి చాపాను. అప్పుడు బకెట్ల చప్పుడు, నీళ్లు నీళ్లు అని ఎవరో పిలవడం వినిపించాయి. ఆ రొద మధ్య ఒక ఆడగొంతు. కొంచెం జీరగా ఉంది.

"అంగడాయన యాడుండాడో చూడప్పా. ఒక్కపొద్దు మీద ఉండాడు, ఆకలైనా నోరు తెరిచి అడగడు. కూర్చోబెట్టి పెట్టు. ఆయప్ప ఆకులో బక్షాలు ముందే ఎయ్యొద్దు. అయి తిని చాలని లేస్తాడు. అన్నం తిన్నాంక ఎయ్యి."

మొదటి మాటలకు ఆమె పెదాలు సరిగ్గా కదిలాయి. కాని "ఆయప్ప ఆకులో" అనే దగ్గర వీడియో మేళగాళ్ల మీదికి మారింది. తెర మీద వాళ్లు సన్నాయి ఊదుతున్నారు. వినిపిస్తున్నది మాత్రం ఆమె గొంతే. మాట పూర్తయ్యాక పాట మళ్లీ వచ్చింది. ఆగిన చోటి నుంచి కాదు, ఈలోపు ఎంత నడవాలో అంత నడిచి, చరణం మధ్యలోంచి వచ్చింది.

నిజం చెప్పాలి కాబట్టి రాస్తున్నాను, భయం వేయలేదు. చాలా కాలం తర్వాత నా గోడల మధ్య ఎవరో ఒకరి ఆకలి గురించి ఇంకొకరు మాట్లాడినట్టనిపించింది. అంతే.

వెంటనే టేపు వెనక్కి తిప్పి వేశాను. పాటే ఉంది. ఎన్నిసార్లు వేసినా పాటే. కంప్యూటర్లోకి ఎక్కినదాన్ని తెరిచి విన్నాను. అందులో పాట ఎక్కడా తెగలేదు, తగ్గలేదు.

వీసీఆర్‌ను కడపకు తీసుకుపోయి, మెకానిక్ ఖాజా చేత విప్పించాను. మిషన్‌లో లోపమేమీ లేదన్నాడు. గ్రంథాలయంలో లైబ్రేరియన్ సులోచన గారిని అడిగితే కడప నుంచి టేపు రికార్డింగు మీద ఒక పుస్తకం తెప్పించారు. తుడిచేసిన శబ్దం ఒక్కోసారి సన్నగా మిగులుతుందని అందులో ఉంది. కాని ఎప్పుడో ఒకప్పుడు ఆ టేపు మీద ఉన్న శబ్దం సంగతి అది. ఈ టేపు మీద ఆమె గొంతు ఏనాడూ లేదు. వైర్లు రేడియోను పట్టుకుంటాయనీ చదివాను. రేడియోలో అంగడాయన గురించి ఎవరు మాట్లాడతారు?

చివరికి ఒక మనస్తత్వ శాస్త్ర పుస్తకంలో కారణం కుదిరినట్టనిపించింది. ఎక్కువ కాలం ఒంటరిగా, మాటలు లేకుండా బతికే మనిషి చెవి తనంతట తానే గొంతులు పుట్టించుకుంటుందట. కదిలే పెదాలు కనిపిస్తే మరీ సులువట. ఆ పేజీ చదివాక పుస్తకం మూసేశాను. అది నా గురించే రాసినట్టుంది. శెట్టికి ఏమీ చెప్పకూడదని నిర్ణయించుకున్నాను.

ఆయన సీడీ కోసం వచ్చాడు. అది ఎట్లా వచ్చిందని అడగలేదు. "ఏమన్నా ఇనిపించిందా?" అని అడిగాడు.

లేదని చెప్పాలనే ఉన్నాను. అది నా బుర్ర పుట్టించినదైతే, చెప్పడం ఆయన్ను మోసం చేయడమే. కాకపోతే, చెప్పకపోవడం ఇంకా పెద్ద మోసం. నిలబడి నా ముఖమే చూస్తున్నాడు. సీడీలో ఏమీ లేదని, నేను విన్నానో విన్నాననుకున్నానో నాకే తెలియదని ముందు చెప్పి, ఆ తర్వాత ఆమె మాటలు చెప్పాను.

అంగడాయన అనగానే శెట్టి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అట్లా ఆయన్ను పిలిచేది ఆమె ఒక్కతేనట. బక్షాల మాట దగ్గరికి వచ్చేసరికి చేతిలో తువ్వాల కింద పడింది. తీసుకోలేదు.

మా వైపు శుభకార్యంలో ఆకులో మొదట తీపి పడాలి. ఆ రోజు ఆయన కన్యాదానం చేసి, ఒక్కపొద్దు విడవడానికి కూర్చుంటే, బంతిలో అందరి ఆకుల్లో బక్షాలు, అంటే బొబ్బట్లు, ఉన్నాయి, ఆయన ఆకులో లేవు. పెళ్లికూతురి తండ్రికి తీపి లేకుండా ఆకు వేశారు. వడ్డించింది నాగరత్నమ్మ తమ్ముడు. ఇదేమిరా అంటే నవ్వి, అన్నం అయ్యాక తెచ్చి వేశాడు. అది శెట్టి మనసులో ముల్లులా నాటుకుంది. బావమరిది కావాలనే అవమానించాడనుకుని ఆయనతో మాటలు తగ్గించాడు. ఆమె తమ్ముడి మీద చెప్పినట్టవుతుందని భార్యతో ఎన్నడూ అనలేదు. తనకూ బావమరిదికీ తప్ప ఈ సంగతి ఇంకెవరికీ తెలియదని అన్నాడు.

"ఆమె చెప్పిందా వానికి!" అన్నాడు. "నా కడుపు నిండాలని."

తర్వాత ఆ మాటలు ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను.

"అట్ల గాదప్పా. అంగడాయన అని అంత కటువుగా అనదు ఆమె. చివర్న లాగుతాది."

లాగి చెప్పాను. ఇంకా కిందికి అన్నాడు. నేను గొంతు తగ్గించాను. అదీ కాదని తల ఊపి, ఈసారి తనే అన్నాడు, ముసలి మగగొంతుతో, చివర లాగుతూ. అని, సగంలో ఆగిపోయాడు. కళ్లు మూసుకున్నాడు. నేనేదో అనబోతే చెయ్యెత్తాడు.

"వచ్చిందప్పా. ఇంగ నువ్వు మాట్లాడొద్దు."

నేను టీవీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆయన ఆ స్టూలు మీద ఎంతసేపు కూర్చున్నాడో చూడలేదు. నాకు ఏమీ వినిపించలేదు, లారీలు తప్ప.

నేను గొంతు మార్చి ఆడమనిషిలా మాట్లాడుతుంటే పక్క షాపువాళ్లు గుమ్మంలోంచి చూశారు. నా మీద వచ్చిన మాట అక్కడ పుట్టింది. శెట్టి ఆ వారంలోనే నంద్యాల బస్సెక్కి బావమరిది ఇంటికి పోయాడు. ఇప్పుడు శెట్టి కూడా లేడు కాబట్టి నా తరఫున చెప్పేవాళ్లు లేరు.

ఒంటరి మనిషి చెవి గొంతులు పుట్టించుకుంటుందన్న మాటను నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను. కాని పుట్టించుకున్న చెవికి, వీడియోలో ఎక్కడా కనబడని శెట్టి ఆకులో ఏం పడలేదో ఎట్లా తెలిసింది? దీనికి జవాబు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. వెతకడం మానలేదు గాని, దొరుకుతుందన్న ధీమా పోయింది.

మిషన్ విప్పి చూసి, నన్ను పిచ్చివాడనకుండా పంపిన ఖాజాకు కృతజ్ఞతలు. ఎందుకని అడగకుండా పుస్తకం తెప్పించిన సులోచన గారికి కృతజ్ఞతలు. నవ్వినా, తర్వాత తన దగ్గరున్న పాత టేపులన్నీ వేసి చూసి లేదని చెప్పిన ఓబులేసుకు కూడా. అమ్మానాన్నల సంగతి రాసుకోమని బనగానపల్లె నుంచి కబురు చేసిన లక్ష్మమ్మకు, నన్ను నమ్మిన రంగయ్య శెట్టికి రుణపడి ఉన్నాను. నాగరత్నమ్మ గారిని నేను ఎన్నడూ కలవలేదు. ఆ మాటలు ఆమె నాతో అనలేదు. అయినా ఆ మధ్యాహ్నం విన్నది నేనొక్కణ్నే కాబట్టి, ఆమెకు కూడా.