హెడ్మాస్టరు తమ్ముడికి నా పాఠం

మా తమ్ముడు సుబ్రమణ్యం హెడ్మాస్టరై నెల కాలేదు, అప్పుడే రాజీనామా మాట ఎత్తాడు. కారణం లెక్కల అయ్యవారు. ఆయన రోజూ రెండో పీరియడుకు గానీ రారు. వీడు నోరెత్తలేడు, చిన్నప్పుడు వీడికి ఎక్కాలు నేర్పింది ఆయనే.

ఈ రోజు పొద్దున పూజ ముగించి వాణ్ణి నా ఎదురుగా నిలబెట్టాను.

"నేనే అయ్యవారిని అనుకో. చెప్పు."

"అయ్యా, మీరు కొంచెం ముందుగా..."

"ఏమిరా సుబ్బా, పదమూడో ఎక్కం గుర్తుండాదా?" అన్నాను గొంతు మార్చి.

వాడు చేతులు కట్టుకుని సగం ఎక్కం అప్పజెప్పేశాడు! నవ్వు ఆపుకొని, అసలు మాట మరో ఏడు సార్లు చెప్పించి, హారతి కళ్లకద్ది, వాడి బడి ఉన్న పాకాలకు రైలెక్కించాను.

సాయంత్రం వెలిగిపోతూ వచ్చాడు.

"చెప్పేసినానక్కా! రేపట్నుంచి మొదటి గంటకే వస్తానన్నారు."

"నీ గదికి పిలిచి చెప్పినావా?"

"పిలిచినా. వచ్చి కూర్చున్నారు."

"యాడ?"

తల గోక్కున్నాడు. "నా కుర్చీలో."

"మరి నువ్వు?"

"ఎదురుగా నిలబడుకోనుంటి."

పని అయితే అయింది, స్వామి దయ. రేపటి పాఠం కూర్చోవడం గురించి. గురువును నొప్పించకుండా కుర్చీలోంచి లేపే ఉపాయం మీకేదైనా తోస్తే ఒక కార్డు రాయండి. నాకైతే తోచలేదు.