గుమ్మానికి అడ్డంగా పడుకున్నాం

నా చిన్నప్పుడు మా వాడలో పిల్లలెవరికీ నెల రోజులు సరైన నిద్ర లేదు. సముద్రంలో వలలు తెగాయని పక్క ఊరి వాళ్ళకీ మా వాళ్ళకీ తగాదా వచ్చి, ఒడ్డున తెడ్లతో కొట్టుకున్నారు. మా చిన్నాన్న తల పగిలినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అప్పుడు నాకు పదమూడేళ్ళు. ఆ రోజు నుంచి కన్ను మూస్తే తెడ్డు చప్పుడే. కుక్క మొరిగినా లేచి కూర్చుని, నాన్న పక్క మీద ఉన్నాడో లేడో తడిమి చూసుకునేదాన్ని. బడిలో కునికిపాట్లు పడి తన్నులు తినేదాన్ని.

గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టారు, ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచారు. చేపల గంప మోసే మా నాన్నమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు.

"గాలీ నేదు, దెయ్యమూ నేదు. మన మగోల్ల గొడవ సోకినాది పిల్లకి," అని మా అమ్మ మీద విసుక్కుంది.

ఒకరోజు పొద్దున్నే మగవాళ్ళంతా రామమందిరంలో చేరారు. ఆ పూటే పక్క ఊరి మీద పడాలని వాళ్ళ పట్టుదల. మా నాన్న కూడా లోపలే ఉన్నాడు. మందిరానికి ఉన్నది ఒకటే గుమ్మం. నాన్నమ్మ ఆవేళ బేరానికి వెళ్ళలేదు. ఇల్లిల్లూ తిరిగి నిద్ర లేని పిల్లలందరినీ పోగేసింది. గుమ్మం ముందు ఈ కొస నుంచి ఆ కొసకు చాపలు పరిచి మమ్మల్ని అడ్డంగా పడుకోబెట్టింది.

పడుకున్న పిల్లను దాటితే ఆ పిల్ల ఇక ఎదగదని మా వాళ్ళ నమ్మకం. తుఫానులో పడవ దింపే మొండివాళ్ళు కూడా ఆ పని చెయ్యరు.

"ఎల్తారా? ఎల్లండి," అంది నాన్నమ్మ, పక్కనే చతికిలబడి. "మీ పిల్లల్ని దాటుకుని ఎల్లండి. నానూ సూస్తాను."

కులపెద్ద కేకలు వేశాడు.

"మెల్లగా మాటాడు బావా, పిల్లలు లెగిసిపోతారు," అని ఆయన్నే కసిరింది.

మేం నిజంగా నిద్రపోతామని ఆమె అనుకుందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం నిద్రపోయాను. నాన్న లోపల ఉన్నాడు, నన్ను దాటి ఎక్కడికీ పోలేడు. ఆ ధైర్యం ఏ తాయెత్తూ ఇవ్వలేదు. సాయంత్రం లేచి చూస్తే మగవాళ్ళు ఆకలితో నకనకలాడుతూ గుసగుసలాడుకుంటున్నారు. గొడవ ఆ ఒక్క పూటకే ఆగింది. మర్నాడూ నాన్నమ్మ చాపలు చంకన పెట్టుకుంది, ఆ మర్నాడూ పెట్టుకుంది. చివరికి మా వాళ్ళే విసుగెత్తి పక్క ఊరికి రాజీ కబురు పంపారు.

ఇప్పుడు నేను విజయనగరంలో ఉంటున్నాను. మొన్న మా వీధిలో కుర్రాళ్ళు రెండు జట్లుగా కొట్టుకున్నాక మా మనవరాలికి నిద్ర కరువైంది. ఇంట్లో అందరూ ఫోనును తిట్టారు. నేను ఆ పిల్లను కూర్చోబెట్టి, ఏం చూశావో చెప్పమన్నాను. చెప్పింది. మర్నాడు ఆ కుర్రాళ్ళ ఇళ్ళకే వెళ్ళి, తల్లుల ఎదుటే నిలదీశాను. నీకెందుకు ముసలమ్మా అన్నారు.

"మా పిల్ల నిద్దర సెడగొట్టినోలు మీరే. మీరే బాగుసెయ్యాల," అన్నాను.

తలుపు వేసుకున్నారు. వేసుకోనీ. రేపు మళ్ళీ వెళ్తాను.